‘కె’ అంటే ఏంటమ్మా?

గత వారం రోస్టర్ పాయింట్ల గురించి రాశాను. ప్రభుత్వ ఉద్యోగంలో మన వాటా కాగితం మీద ఎలా ఉంటుందో, భర్తీ దగ్గరికొచ్చేసరికి ఎలా మాయమవుతుందో చెప్పుకున్నాం. అది చదివి చాలామంది ఒకటే అడిగారు: “గవర్నమెంటు ఉద్యోగాలు ఎక్కడున్నాయండీ ఇప్పుడు? కంపెనీల సంగతి చెప్పండి.” నిజమే. తిరువూరు, గంపలగూడెం, విస్సన్నపేట, ఎ.కొండూరు పల్లెల్లో డిగ్రీలూ బీటెక్‌లూ చేసిన మన పిల్లలు ఎక్కేది విజయవాడ బస్సో, హైదరాబాద్ బస్సో. దిగేది కంపెనీ గేటు దగ్గర. అందుకే ఈ వారం ఆ గేటు గురించి.

మా కాలేజీలో చదివిన ఒకమ్మాయి ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో హెచ్‌ఆర్‌లో పనిచేస్తోంది. పేరూ, కంపెనీ పేరూ రాయను. రాస్తే ఉద్యోగం పోయేది ఆమెకే. ఆ కంపెనీకి సరుకు ఆర్డర్లిచ్చే విదేశీ సంస్థ ఒకటి, “మీ నియామకాల్లో వివక్ష లేదని చూపించే కాగితాలు పెట్టండి” అని అడిగిందట. ఆ పని ఈ అమ్మాయి బల్ల మీదికొచ్చింది. ఫారాలు, ఇంటర్వ్యూ ప్రశ్నలు, గేటు దగ్గర అంటించే నోటీసు, అన్నీ సరిచూడాలి. నోటీసు తెలుగులో ఉండాలి కాబట్టి నాకు ఫోన్ చేసింది. “మేడమ్, ‘ఈక్వల్ ఆపర్చునిటీ ఎంప్లాయర్’ని తెలుగులో ఏమంటారు?”

“సమాన అవకాశాల యజమాని” అని చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ఆ మాట మన ఊళ్లో ఎవరికీ ఏమీ చెప్పదు. యజమాని అన్నాక సమానం ఎక్కడిదని మా పెద్దయ్య నవ్వుతాడు. ఆయన పాలేరుగా కుదిరినవాడు. ఈ సరిహద్దు ప్రాంతంలో ఆ పనికి రెండు పేర్లున్నాయి. తిరువూరులో పాలేరు, సరిహద్దు దాటి ఖమ్మం జిల్లాలోకి వెళ్తే జీతగాడు. పేరు ఏదైనా ఇంటర్వ్యూ ఒకటే: “నువ్వు ఎవరి కొడుకువిరా?” ఆ ఒక్క ప్రశ్నతో కులం, వాడ, తండ్రి చేసిన పని, తండ్రి మీద ఉన్న అప్పు, అన్నీ తేలిపోయేవి. బోయి భీమన్న గారు ‘పాలేరు’ అని నాటకం రాశారు. పాలేరు కుర్రాడు చదువుకుని పైకి రావడం దాని కథ. అది చూసి పిల్లల్ని బడికి పంపిన వాళ్లున్నారని మన పెద్దలు చెబుతారు. చదువుకున్నాం. పైకీ వచ్చాం. ఆ ప్రశ్న కూడా మనతోపాటే చదువుకుని, టై కట్టుకుని, కంపెనీ ఇంటర్వ్యూ గదిలో కూర్చుంది.

ఆ అమ్మాయి పంపిన ప్రశ్నల జాబితా చూశాను. స్టోర్స్ అసిస్టెంట్ ఉద్యోగం. సరుకు లెక్క రాయాలి, కంప్యూటర్‌లో ఎక్కించాలి. మొదటి ప్రశ్న: “మీ గురించి, మీ కుటుంబం గురించి చెప్పండి.” రెండోది: “సొంత ఊరు ఏది? నాన్నగారు ఏం చేస్తారు?” మూడోది కాగితం మీద లేదు. అయినా ప్రతి ఇంటర్వ్యూలోనూ ఉంటుందని తనే చెప్పింది. అభ్యర్థి పేరు ముందున్న అక్షరం పట్టుకుని, “కె అంటే ఏంటమ్మా?” అని అడుగుతారట.

ఇది తెలుగువాళ్లకే పూర్తిగా అర్థమయ్యే ప్రశ్న. మన ఇంటిపేరు పేరుకి ముందొస్తుంది. దాన్ని ఒక్క అక్షరంగా కుదించి దాక్కోవడం మనవాళ్లు ఎప్పుడో నేర్చుకున్నారు. ఆ అక్షరాన్ని విప్పించడం అవతలివాళ్లు నేర్చుకున్నారు. ఇంటిపేరు చెప్పినా తేలకపోతే (రెండు మూడు కులాల్లో ఒకే ఇంటిపేరు ఉంటుంది కదా) ఊరు అడుగుతారు. ఊరు చెబితే “ఊళ్లో ఎటువైపు?” అంటారు. అడ్రసులో కాలనీ అనో, అంబేద్కర్ నగర్ అనో ఉంటే ఆ ప్రశ్న మిగిల్చుకుంటారు. మేరీ, సామ్యేలు, రత్నకుమారి అని పేరుంటే అసలు ప్రశ్నే అక్కర్లేదు. మన ప్రాంతంలో “మీరేమిట్లు?” అని సూటిగా అడిగే ముసలమ్మ నయం. ఆవిడ అడిగింది ఏమిటో ఆవిడకీ తెలుసు, మనకీ తెలుసు.

ఇదంతా మన అనుమానం అనేవాళ్ల కోసం ఒక లెక్క. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ ఆటెవెల్ ఒక పరిశోధన ప్రచురించారు. ఇంగ్లిష్ పత్రికల్లో పడిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకి ఒకే అర్హతలున్న దరఖాస్తులు పంపారు. మార్చింది పేరు ఒక్కటే. 548 ప్రకటనలకి 4,808 దరఖాస్తులు. తేలిందేమిటంటే, అగ్రకుల హిందూ పేరుకి పిలుపు వచ్చే అవకాశాన్ని 100 అనుకుంటే దళిత పేరుకి దాదాపు 67, ముస్లిం పేరుకి దాదాపు 33. అక్కడ ఇంటర్వ్యూ గది లేదు, ముఖం లేదు, యాస లేదు. కాగితం మీద పేరు మాత్రమే. అదే సంవత్సరం సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతంలో పెద్ద కంపెనీల హెచ్‌ఆర్ మేనేజర్లు 25 మందితో మాట్లాడి రాశారు. మేం మెరిట్ తప్ప ఏమీ చూడం అన్నవాళ్లే కుటుంబ నేపథ్యం తప్పకుండా అడుగుతామన్నారు. ఆ రెండు మాటలకీ మధ్య వైరుధ్యం వాళ్లకి కనబడలేదు.

మరి చట్టం ఏమంటుంది? ఇక్కడ మనవాళ్లలో చాలామందికి ఒక అపోహ ఉంది. రాజ్యాంగం ఉంది కదా, కులం పేరుతో ఉద్యోగం నిరాకరించడం కుదరదు కదా అనుకుంటారు. ఆర్టికల్ 16 మాట్లాడేది ప్రభుత్వ ఉద్యోగం గురించి. ఆర్టికల్ 15(2) దుకాణం, హోటల్, బావి, చెరువు గురించి చెబుతుంది. ప్రైవేటు కంపెనీ గుమ్మం దగ్గర ఆ రెండూ మనల్ని దింపేసి వెళ్లిపోతాయి.

ప్రైవేటు నియామకాల్లో వివక్షని నేరుగా పట్టుకునే చట్టాలు లేకపోలేదు. నియామకంలో స్త్రీలపై వివక్ష వద్దని 1976 సమాన వేతన చట్టం చెప్పింది. 2019 వేతనాల కోడ్ దాన్ని కొనసాగించింది. వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం ప్రతి సంస్థా, ప్రైవేటుదైనా, సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. హెచ్ఐవీ ఉందని ఉద్యోగం నిరాకరించకూడదని, ఉద్యోగానికి ఆ పరీక్ష షరతుగా పెట్టకూడదని 2017 చట్టం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులపై ఉద్యోగంలో వివక్ష కూడదని 2019 చట్టం. ఇవన్నీ పోరాడి తెచ్చుకున్నవి, అవసరమైనవి. వాటిని చదువుకుంటూ పోతే ఖాళీ ఎక్కడుందో కనబడుతుంది. ఈ దేశంలో అన్నిటికన్నా పాతదైన వివక్షకి మాత్రం అలాంటి చట్టం లేదు.

ఉన్నది క్రిమినల్ చట్టం. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం, సెక్షన్ 4. అంటరానితనం కారణంగా ఏ వృత్తినైనా, ఉద్యోగాన్నైనా అడ్డుకుంటే నేరం. శిక్ష ఒక నెల నుంచి ఆరు నెలల జైలు, వంద నుంచి ఐదు వందల రూపాయల జరిమానా. ఐదు వందలు! కంపెనీ ఇంటర్వ్యూ బోర్డు తాగే కాఫీల ఖర్చు. తర్వాత ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, ఉద్యోగంలోకి రాకుండా అడ్డుకోవడాన్ని కూడా నేరాల జాబితాలో చేర్చింది. మంచిదే. కానీ క్రిమినల్ కేసు అంటే నేరం రుజువు కావాలి. “మీకంటే మంచి అభ్యర్థి దొరికారు” అన్న రెండు లైన్ల మెయిల్‌లో ఏ పోలీసు అధికారి నేరం చూస్తాడు? అసలు చాలామందికి ఆ మెయిల్ కూడా రాదు.

ఇంకో మెలిక. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారినవాళ్లకి ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో వాళ్లని బీసీ-సిలో వేశారు. 2025లో మన హైకోర్టు, ఒక పాస్టర్ పెట్టిన కేసులో, మతం మారినవాళ్లకి అట్రాసిటీ చట్టం వర్తించదంది. కోర్టు బల్ల దగ్గర మతం మారితే కులం పోతుంది. ఇంటర్వ్యూ బల్ల దగ్గర మతం మారినా మాల మాలే, మాదిగ మాదిగే.

ప్రైవేటు కంపెనీల్లో ఎవర్ని తీసుకోవాలో ప్రభుత్వం చెప్పకూడదు అంటారా? మన రాష్ట్రమే 2019లో చట్టం చేసింది. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకివ్వాలని, నైపుణ్యం లేదన్న సాకు చెల్లదని, మూడేళ్లలో శిక్షణ ఇచ్చి తీసుకోవాలని. దాని అమలు ఎలా ఉందన్నది, దానిమీద కోర్టులో లేచిన ప్రశ్నలు, అవి వేరే చర్చ. నేను చెప్పేది ఒకటే. స్థానికత కోసం కంపెనీ తలుపు తట్టడానికి అసెంబ్లీకి చెయ్యి వచ్చింది. కులం దగ్గరికొచ్చేసరికి ఆ చెయ్యి జేబులోకి వెళ్లిపోతుంది. 2006 ప్రాంతంలో ప్రైవేటు రిజర్వేషన్ల చర్చ లేచినప్పుడు పరిశ్రమల సంఘాలు, చట్టం వద్దు, మేమే స్వచ్ఛందంగా చేస్తాం అన్నాయి. ఆ స్వచ్ఛందానికి ఇరవై ఏళ్లు వచ్చేస్తున్నాయి.

ఇదంతా ఫోన్‌లో ఆ అమ్మాయికి చెబుతుంటే మధ్యలో ఆగి అంది: “మేడమ్, చట్టం సంగతి సరే. కుటుంబం గురించి అడగొద్దు అని నేను మీటింగులో అంటే, నీకెందుకంత పట్టింపు అంటారు. అప్పుడు నా ఇంటిపేరు వెతుకుతారు.”

నాకు కాసేపు మాట రాలేదు. వివక్ష లేకుండా చూడాల్సిన ఉద్యోగం ఆమెది. ఆ పని సరిగ్గా చేస్తే ముందుగా దెబ్బ తినేది ఆమే. రెండేళ్లుగా ఆ ఆఫీసులో ఆమె కులం ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం డబ్బాలో ఏం తెచ్చుకోవాలో కూడా ఆలోచించి తెచ్చుకుంటుంది. నేను పీహెచ్‌డీ అయ్యాక ఒక ప్రైవేటు కాలేజీ ఇంటర్వ్యూకి వెళ్తే బోర్డులో ఒక పెద్దాయన, “మీవాళ్లకి గవర్నమెంటు ఉంది కదమ్మా, ఇక్కడికెందుకు?” అన్నాడు. నాకు కోపం వచ్చింది, లేచి వచ్చేశాను. ఆమెకి లేచి వచ్చే వీలు లేదు. ఇంటి దగ్గర తమ్ముడి చదువు ఆమె జీతం మీద నడుస్తోంది.

అందుకే కులం అన్న మాట ఎత్తకుండా కులాన్ని బయటికి పంపే దారి వెతికాం. ఆ దారి అమెరికాలో నల్లజాతి కార్మికులు వేసింది. 1971లో గ్రిగ్స్ కేసు. డ్యూక్ పవర్ అనే కంపెనీ, కూలి పనుల విభాగం నుంచి పై విభాగాలకి వెళ్లాలంటే హైస్కూలు పట్టా ఉండాలి, లేదా పరీక్షలు పాసవ్వాలి అంది. రూలు అందరికీ ఒకటే. కానీ ఆగిపోయింది నల్లవాళ్లు. అక్కడి సుప్రీంకోర్టు కంపెనీ ఉద్దేశం ఏమిటన్న దగ్గర ఆగిపోలేదు. ఆ షరతుకీ ఆ పనికీ సంబంధం ఏమిటో చూపించమంది. కంపెనీ చూపించలేకపోయింది. మన సుప్రీంకోర్టు కూడా 2021లో సైన్యంలో మహిళా అధికారుల కేసులో (లెఫ్టినెంట్ కల్నల్ నితీష కేసు) ఈ పరోక్ష వివక్షని గుర్తించింది. పైకి సమానంగా కనబడే రూలు కూడా వివక్ష కావచ్చంది.

కాబట్టి ఆమెతో చెప్పాను. ప్రతి ప్రశ్న పక్కనా ఒకటే రాయి: “ఈ జవాబు తెలిస్తే స్టోర్స్‌లో లెక్క రాసే పనికి ఏం ఉపయోగం?” నాన్నగారు ఏం చేస్తే సరుకు లెక్క సరిగ్గా వస్తుంది? ‘కె’ అంటే ఏమిటో తెలిస్తే కంప్యూటర్ ఎంత వేగంగా కొడతారు? విదేశీ సంస్థ అడిగితే మనమేం చెబుతాం అని మీటింగులో పెట్టు. అది నీ బాధలాగా కాదు, కంపెనీ జాగ్రత్తలాగా వినబడుతుంది.

అలా కూర్చుని ఇద్దరం రాసిన మార్పులు ఇవి. హెచ్‌ఆర్‌లో ఉన్న మన పిల్లలు ఎవరైనా వాడుకోవచ్చు.

1. ప్రకటనలో పనికి కావలసిన అర్హతలే ఉండాలి. “మంచి కుటుంబ నేపథ్యం”, “శాకాహారులకు ప్రాధాన్యం” లాంటి మాటలు కొట్టెయ్యాలి.

2. వడపోత దశలో పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, ఫొటో, అడ్రసు కనబడకూడదు. దరఖాస్తుకి ఒక నంబరు ఇవ్వాలి. ఎంపిక చేసేవాళ్ల దగ్గరికి నంబరే వెళ్లాలి.

3. అందరికీ ఒకే ప్రశ్నలు, ముందే రాసిపెట్టినవి. బోర్డులో ప్రతి ఒక్కరూ మార్కులు విడిగా వేసి సంతకం పెట్టాకే మాట్లాడుకోవాలి. లేకపోతే పెద్దాయన దగ్గితే మార్కులు మారతాయి.

4. “మన కల్చర్‌కి సరిపోడు” అన్నది కారణం కాదు. తీసుకోకపోతే ఎందుకో పనికి సంబంధించిన మాటల్లో రాయాలి. ఆ కాగితం దాచాలి.

5. టెన్త్‌లో, ఇంటర్‌లో, డిగ్రీలో అన్నిట్లోనూ 60 శాతం ఉండాలన్న షరతు ఏ పనికి కావాలో చూపించాలి. చూపించలేకపోతే తీసెయ్యాలి. మామిడికాయల సీజన్లో కూలికెళ్తూ టెన్త్ రాసిన పిల్లకి 58 వచ్చి, డిగ్రీలో 80 వస్తే, ఆ పిల్ల ఎదిగినట్టా, తగ్గినట్టా?

6. ఉద్యోగుల సిఫారసుతో వచ్చిన దరఖాస్తు కూడా అదే వరుసలో నిలబడాలి. బహిరంగ ప్రకటన లేకుండా పోస్టు నింపకూడదు.

ఈ ఆరోదాని దగ్గరే పెద్ద గొడవ. రిఫరల్ అంటే కంపెనీలకి ఖర్చు తక్కువ. తెచ్చినవాళ్లకి బోనస్ కూడా ఇస్తారు. తేవడమంటే ఎవర్ని తెస్తారు? బాబాయి కొడుకుని, ఊరివాణ్ణి, కులసంఘం హాస్టల్లో తనతో ఉన్నవాణ్ణి. అందులో ఒక్కడికీ దళితుల మీద ద్వేషం ఉండనక్కర్లేదు. “మనోడేరా” అన్న ప్రేమ చాలు. ఆ ప్రేమతో ఒక ఫ్లోర్ ఫ్లోరంతా ఒకే నాలుగు ఇంటిపేర్లతో నిండిపోతుంది. సముద్రం దాటినా ఇది పోలేదు. 2020లో కాలిఫోర్నియా పౌరహక్కుల విభాగం, దళిత ఇంజనీర్ మీద వివక్ష జరిగిందంటూ సిస్కో కంపెనీ మీద కేసు వేసింది. 2023లో ఇద్దరు మేనేజర్ల మీద ఆరోపణలు ఉపసంహరించుకున్నా కంపెనీ మీద కేసు నడిపింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షని నిషేధించింది. కాలిఫోర్నియా అసెంబ్లీ పాస్ చేసిన బిల్లుని మాత్రం అక్టోబరులో గవర్నర్ న్యూసమ్ వీటో చేశాడు. మన కులం పేరు అమెరికా చట్టసభల దాకా వెళ్లి కూర్చుంది. ఇక్కడ మాత్రం “ఇంకా కులం ఎక్కడుందండీ” అంటారు.

ఒక సందేహం రావచ్చు. కులం అడగొద్దంటున్నావు, మరి కులం లెక్క లేకపోతే వివక్ష జరిగిందని ఎలా తెలుస్తుంది? మంచి ప్రశ్న. ఎంపిక చేసే బల్ల మీద కులం ఉండకూడదు. కంపెనీ లెక్కల పుస్తకంలో తప్పకుండా ఉండాలి. రెండూ వేర్వేరు గదులు. ఉత్తర ఐర్లాండ్‌లో కాథలిక్కులకి ఉద్యోగాలు దక్కని కాలం ఒకటి ఉండేది. 1989లో చట్టం చేసి, చిన్న కంపెనీలు మినహా అందరూ తమ దగ్గర కాథలిక్కులు ఎందరు, ప్రొటెస్టెంట్లు ఎందరు అని ఏటా లెక్క ఇవ్వాల్సిందే అన్నారు. ఆ లెక్క ఇంటర్వ్యూ చేసేవాళ్ల చేతికి వెళ్లదు. కమిషన్ దగ్గరికి వెళ్తుంది. లెక్క పెట్టడం మొదలయ్యాక దాచడం కష్టమైంది. మన కంపెనీలు లెక్క పెట్టవు, గదిలో మాత్రం అడుగుతాయి. కావలసింది సరిగ్గా దానికి తిరగేసి.

అలా లెక్క పెడితే ఇంకో నిజం కూడా బయటపడుతుంది. మనల్ని తీసుకోని కంపెనీ లేదు. హౌస్‌కీపింగ్‌లో, గేటు దగ్గర, లోడింగ్‌లో మనమే. ఆ పోస్టులకి ‘కె’ అంటే ఏమిటని ఎవరూ అడగరు. కాబట్టి “మా దగ్గర 30 శాతం ఎస్సీలున్నారు” అని చెప్పే కంపెనీని వెంటనే అడగాలి: ఏ అంతస్తులో?

ఇక నోటీసు సంగతి. వివక్ష అన్న మాటకి సంస్కృతంలో అసలు అర్థం ‘చెప్పాలన్న కోరిక’. తెలుగులోకొచ్చి తేడా చూపించడం అయింది. కంపెనీల్లో జరిగేది చెప్పకుండా చూపించే తేడా. అందుకే చెప్పేసే నోటీసు రాసిచ్చాను: “ఇక్కడ ఉద్యోగానికి మీ కులం, మతం, ఇంటిపేరు అక్కర్లేదు. ఎవరైనా అడిగితే చెప్పనక్కర్లేదు. అడిగినవాళ్ల గురించి ఈ నంబరుకి ఫోన్ చేయండి.” పైవాళ్లు చూసి చివరి వాక్యం కొట్టేశారు. ‘కులం’ తీసి ‘ఎటువంటి భేదం’ అని పెట్టారు. గేటు మీద ఇప్పుడున్నది ఆ నోటీసే. ఆరు మార్పుల్లో నాలుగు ఒప్పుకున్నారు. 60 శాతం షరతు, రిఫరల్ అలాగే ఉన్నాయి. కుటుంబం ప్రశ్న మాత్రం పోయింది. ఈ నెల వచ్చినవాళ్లని ఎవరూ ‘కె’ అంటే ఏమిటని అడగలేదట. ఇది చిన్న గెలుపే. అయినా ఆ అమ్మాయి కులం ఆ ఆఫీసులో ఇంకా ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టే ఇంతైనా చేయగలిగింది. ఆ మాట రాస్తుంటే సంతోషం రావడం లేదు.

ఒక అమ్మాయి భయపడుతూ, మాటలు జాగ్రత్తగా ఏరుకుంటూ చేయాల్సిన పని కాదిది. చట్టం చేయాల్సిన పని. ప్రైవేటు నియామకాల్లో కులవివక్షని నిషేధించే ప్రత్యేక చట్టం కావాలి. జైలుతోపాటు నష్టపరిహారం ఇప్పించేది, ఎందుకు తీసుకోలేదో కంపెనీయే చెప్పుకోవాల్సిన బాధ్యత పెట్టేది, ఏటా లెక్క ప్రకటించమనేది. తిరువూరు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఓటు అడగడానికి వచ్చేవాళ్లందరూ మన వాడలోకే రావాలి. వచ్చినప్పుడు రోడ్డు, డ్రైనేజీతోపాటు ఇదీ అడగండి.

ఈలోగా మన పిల్లలకి ఒక మాట. ఇంటర్వ్యూలో అలాంటి ప్రశ్న ఎదురైతే తేదీ, గది, అడిగినవాళ్ల హోదా, అడిగిన మాట యథాతథంగా ఆ రోజే రాసిపెట్టుకోండి. మెయిళ్లు చెరపకండి. తలదించుకోవాల్సింది అడిగినవాడు. అప్పటికప్పుడు ఏం చెప్పాలో తెలియకపోతే ఇలా అనండి: “సర్, ఈ పనికి అది ఎలా ఉపయోగపడుతుందో చెబితే చెబుతాను.”

మర్యాదగానే అడగండి. కానీ అడగండి.

వచ్చే వారం: అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీలు, మన పారిశుధ్య కార్మికుల పీఎఫ్.

జై భీమ్.